గడువు దాటిన గౌరవము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ దినమున మరియొక రజతోత్సవమును తలచుకొనుట అసంగతము కాదు. 1972 ఆగస్టు 15వ తేదీన దేశ స్వాతంత్ర్యమునకు ఇరువదియైదేండ్లు నిండెను. ఆ సందర్భమున కేంద్ర ప్రభుత్వము స్వాతంత్ర్య యోధులకు పింఛను పథకమును ఆరంభించెను. నెలకు 200 రూపాయలు. అదియు ఏటి ఆదాయము 5,000 రూపాయలకు మించనివారికి మాత్రమే. 1980 ఆగస్టు 1 నుండి ఆదాయపు కట్టుబాటు తొలగించిరి. మొత్తమును 300 చేసిరి. పేరును కూడ మార్చి ‘స్వతంత్రతా సైనిక సమ్మాన్ పింఛను’ అనిరి. సమ్మానమనగా గౌరవము. పేదరికమును చూచి ఇచ్చునది దానమగును గాని గౌరవము కాదని అప్పటికి తోచి యుండును.

అయితే ఆ గౌరవమునకు ఒక గడువుండెను. పొడిగింపులు పొంది పొంది 1982 మార్చి 31వ తేదీతో ఆ గడువు తీరెను. నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో జైళ్లు చూచినవారును, అడవులు పట్టినవారును ఎందరో ఆ తేదీనాటికి దరఖాస్తు పెట్టనే లేదు. వారి సంగతియే నేటి ప్రసంగ విషయము. వారితోపాటు సైన్యమున పనిచేసి, గాయపడియో జబ్బుపడియో ఇల్లు చేరిన జవానుల సంగతియు కొంత చెప్పవలసియున్నది. తేదీ దాటుట యను ఆపద ఇరువురికిని ఒక్కటే.

కాలదోషము అను మాట యెరుగని గృహస్థు పల్లెలో నుండడు. ప్రామిసరీ నోటు వ్రాసి మూడేండ్లు గడచి, మధ్య చెల్లు వేయించుకొననిచో దావా నిలువదు. బాకీ నిజమే, సంతకము నిజమే, సాక్షులును సజీవులే. అయినను కోర్టు తలుపు తెరువదు. అప్పులిచ్చువాడు తన లెక్క తాను చూచుకొనవలెనను న్యాయము అందున్నది. యోధుని పింఛను ఇట్టి నోటు వంటిదేనా? దేశము తనంతట తాను చెల్లింపదలచిన ఋణమునకు కూడ మూడేండ్ల నోటు నియమమే వర్తించునా? ఈ ప్రశ్న ఢిల్లీ సుప్రీం కోర్టు దాక పోయినది. విశేషమేమనగా, అక్కడికి తీసికొనిపోయినది హైదరాబాదు రాజ్యపు జైళ్లు చూచినవారే.

ఆ తీర్పునకు ముందు, ఇక్కడివారు గడువెందుకు దాటిరో చూడవలెను. సోమరితనమని తేల్చివేయుట సులభము.

దేవరకొండ తాలూకాలో ఒక రైతును ఊహించుకొనుడు. 1947లో అతనికి ఇరువదేండ్లు. సత్యాగ్రహములో పట్టువడెను, గుల్బర్గా జైలులో ఏడు మాసములుండి 1948లో పోలీసు చర్య తరువాత ఇల్లు చేరెను. 1972లో పింఛను వచ్చుచున్నదని విన్నప్పుడు అతనికి నలువదియైదేండ్లు. చేతిలో నాగలి యున్నది. ‘జైలుకు పోయినది కూలికా?’ అని నవ్వి యూరకుండెను. 1980 తరువాత ఒంట్లో సత్తువ తగ్గెను, బావి యెండెను. అప్పుడు దరఖాస్తు మాట తలచెను. కాగితము ఇంగ్లీషులో నున్నది. జైలులో ఆరు మాసములున్నట్లు జైలువారి ధ్రువపత్రము కావలెను. (స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని మూడు మాసములు చాలును.) గుల్బర్గా 1956లో రాష్ట్రముల పునర్విభజనతో మైసూరు రాష్ట్రములోనికి పోయెను. ఔరంగాబాదు జైలులో నున్నవారి దస్త్రము బొంబాయి రాష్ట్రములోనికి పోయెను. ఒక్క రాజుపై జరిగిన పోరాటపు కాగితములు మూడు రాష్ట్రముల పాలయ్యెను. కొన్ని చోట్ల చెదలు తిన్నవి. కొన్ని చోట్ల వెదకువారే లేరు.

దొరికిన కాగితమైనను ఉర్దూలో నుండును. తేదీ ఫసలీలో నుండును. ఈ ఫసలీ సంగతి పాత పహాణీలు తిరుగవేసినవారికి తెలియును గాని ఢిల్లీలో మిసిలు చూచు గుమాస్తాకు తెలియవలెనని లేదు. హైదరాబాదు రాజ్యమున ఫసలీ సంవత్సరము అజూరు మాసముతో, అనగా అక్టోబరు మొదటి వారమున ఆరంభమగుచుండెను. కనుక 1357 ఫసలీ యనగా 1947 అక్టోబరు మొదలు 1948 అక్టోబరు వరకు. కృష్ణకు ఆవల మద్రాసు రాజధానిలోను ఫసలీ కలదు, సంఖ్యయు అదియే. కాని అది జూలై 1న మారును. అదే 1357 అక్కడ 1947 జూలైలోనే పుట్టి 1948 జూను ఆఖరున గతించినది. రెండింటికి నడుమ మూడు మాసముల యెడమున్నది. ఆరు మాసముల జైలు లెక్కలో మూడు మాసముల పొరపాటు వచ్చినచో మనుష్యుడు మునిగిపోవును.

ఇక జైలునకు పోక, సరిహద్దు దాటి శిబిరములలో నుండి పోరాడినవారున్నారు. నల్లగొండవారు కృష్ణా, గుంటూరు జిల్లాలకును, మహబూబునగరువారు కర్నూలు వైపునకును పోయిరి. శిబిరములో హాజరు పట్టీ ఎవరు వ్రాసిరి? వ్రాసినను దాచిపెట్టినవాడెవడు? పోలీసు దొరికించుకొనునను భయముతో పేర్లు కాల్చివేయుటయే ఆనాటి బుద్ధిమంతుల పని. రహస్య జీవితమునకు రుజువు లేకపోవుట ఆ జీవితము చక్కగా గడచినదనుటకే రుజువు. ముప్పదియైదేండ్ల తరువాత ప్రభుత్వము వచ్చి రుజువేదీ యని యడిగినది. గస్తీ నిషాన్ 53 అమలులో నున్న రోజులలో సభ జరుపుకొనుటకే అనుమతి పత్రము కావలెను. అట్టి రాజ్యములో అజ్ఞాతవాసమునకు అనుమతి పత్రమెవ్వరిచ్చెదరు!

అజ్ఞాతవాసమనగానే విరాటపర్వము తోచును. ఈ సభలో దానిని వినని చెవి యుండదు. ఉత్తర గోగ్రహణమున అర్జునుడు బయటపడగానే దుర్యోధనుడు సంతోషించెను. గడువు తీరకమున్నే దొరికినాడు, మరల పండ్రెండేండ్లు అడవికి పోవలసినదే యని వాదించెను. గడువు తీరినదా లేదా యను తగవు భీష్ముని ముందునకు వచ్చెను. ఆ పితామహుడు పంచాంగపు లెక్క తీసెను. ఐదేండ్లకు రెండు అధికమాసములు వచ్చును; పదుమూడేండ్లకు ఐదు మాసముల పండ్రెండు దినములు ఎక్కువ వచ్చినవి; కనుక పాండవులు గడువును నిండించియే బయటికి వచ్చిరని తేల్చెను. (లెక్కలవాడు వ్రేళ్లు మడచి చూచినచో ఐదు మాసముల ఆరు దినములే వచ్చును. మిగిలిన ఆరు దినముల సంగతి వ్యాఖ్యాతలు చూచుకొందురు గాక.) భీష్ముడు దుర్యోధనుని యన్నము తినుచున్నవాడు. అయినను కాలమును దుర్యోధనుని కొరకు కురుచ చేయలేదు. గడువు లెక్కించు ప్రతి ఉద్యోగి యెదుటను ఈ రెండు మార్గములు ఉన్నవి: ఇయ్యకుండుటకై లెక్కించుట యొకటి, ఉన్నది ఉన్నట్లు లెక్కించుట యొకటి.

ఇప్పుడు తీర్పు. 1938-39లలో ఆర్యసమాజము హైదరాబాదు రాజ్యమున సత్యాగ్రహము నడిపెను. ఉత్తర దేశమునుండి కూడ వేలకొలది జనులు వచ్చి ఇక్కడి జైళ్లు నింపిరి. గద్వాలలో జన్మించిన రామచంద్రరావుగారికి ‘వందేమాతరం’ ఇంటిపేరువలె అంటుకొనినది ఆ రోజులలోనే. ఆ సత్యాగ్రహులలో కొందరు తరువాత పింఛను కోరిరి. తేదీ దాటి వచ్చితిరని ఒక అభ్యంతరము, రుజువులు చాలవని మరొక అభ్యంతరము వచ్చెను. ముకుందలాల్ భండారీ మొదలగువారు సుప్రీం కోర్టుకు పోయిరి. 1993లో కోర్టు తీర్పు చెప్పెను.

ఆ తీర్పు సారాంశమిది. దేశము కొరకు జీవితమున శ్రేష్ఠమైన భాగమును ధారపోసినవారిని గౌరవింపవలెనను నిజమైన కోరికతో పథకము పెట్టినచో, వారి యెదుట కాలదోషమును అడ్డము పెట్టుట ప్రభుత్వమునకు తగదు. సాధ్యమైనచో ప్రభుత్వమే యోధులను వెదకికొని పోయి పింఛను ఇయ్యవలసినది. ప్రకటనలోని తేదీ పరిపాలనా సౌకర్యము కొరకు పెట్టినదే గాని తల తెగనరుకు కత్తి కాదు. తేదీ దాటినదను ఒక్క కారణముచే దరఖాస్తును త్రోసివేయరాదు. రుజువులు చూచి తేల్చవలెను. 2001లో గుర్‌దయాళ్ సింగు కేసున అదే కోర్టు మరియొక మెట్టు ఎక్కి, యోధుల రుజువులను ఖూనీ కేసులోని రుజువులవలె తూచరాదనియు, నమ్మదగినంత సంభావ్యత కనబడిన చాలుననియు చెప్పెను.

ఇది విని సంతోషింపవలసినదే. కాని తీర్పులో రెండవ భాగమున్నది. దానిని జాగ్రత్తగా వినవలెను. పింఛను దరఖాస్తు చేరిన తేదీనుండి మాత్రమే. వెనుకటి కాలమునకు లేదు. హక్కు పోలేదు, సొమ్ము పోయెను. ఊహించుకొనిన దేవరకొండ రైతు 1982 మార్చికి బదులు 1992 మార్చిలో దరఖాస్తు పెట్టెననుకొనుడు. నూటయిరువది మాసములు, మధ్య పెరిగిన మొత్తములు విడిచి నెలకు 300 చొప్పుననే వేసినను 36,000 రూపాయలు. ఆనాటి వెలలలో ఒక బావి, ఒక జత యెడ్లు, ఒక బిడ్డ పెండ్లి.

ఆలస్యమునకు మరియొక మూల్యము కలదు. జైలు దస్త్రము దొరకనప్పుడు, దస్త్రము లేదని ప్రభుత్వము వ్రాసి యిచ్చు పత్రమును, తోడి ఖైదీల ధ్రువపత్రములును ఆధారములగును. తోడి ఖైదీ యెన్నాళ్లు బ్రతికియుండును? కోర్టు గడువును క్షమించును గాని యముడు సాక్షి గడువును పొడిగింపడు. పైగా 1982 మార్చి దాటిన దరఖాస్తులకు సర్కారీ దస్త్రమే చూపవలెనని ప్రభుత్వము బిగించెను. తేదీకి ముందు వచ్చినవానికి తోడి ఖైదీ మాట చెల్లును, తరువాత వచ్చినవానికి చెల్లదు. ఇంకను, అనుమానమున్నను పోనిమ్మని దయదలచి ఇచ్చిన పింఛను, దరఖాస్తు తేదీనుండి గాక మంజూరు ఉత్తరువు తేదీనుండియే చెల్లునని సుప్రీం కోర్టే 1997లో స్వామినాథన్ కేసున చెప్పి, 2007లో కౌసల్యాదేవి కేసున మరల చెప్పెను. మిసిలు బల్లలపై నిద్రించిన యేండ్లు కూడ వృద్ధుని ఖాతాలోనే ఖర్చు పడెను. ఇది న్యాయమా యని యడిగినచో, చట్టమున కారణము దొరకును గాని మనస్సునకు తృప్తి దొరకదు.

ప్రభుత్వమువైపు మాటయు చెప్పకపోవుట పక్షపాతమగును. పూర్వము నిజాము రాజ్యములోనిదే యైన మరాఠ్వాడాలోని బీడు జిల్లాలో దొంగ యోధుల గొడవ లేచి, విచారణలు జరిగి, 2005లో ఆ వివాదము కూడ సుప్రీం కోర్టు చేరెను. పోరాటము జరిగిన నాటికి ఉయ్యాలలో నున్నవారు పింఛను పట్టీలో చేరిన, అసలు యోధునికి అది రెండవ జైలు. పరీక్ష కఠినమైనది ఇట్టివారివలననే. కాని దొంగను పట్టుటకు రుజువును పరీక్షింపవలెను. తేదీని పరీక్షించినచో దొంగ దొరకడు. దొంగ యెప్పుడును గడువులోపలనే వచ్చును.

ఇక జవానుల సంగతి. సైన్యములో అంగవైకల్యము వచ్చి పంపివేయబడినవానికి ఆ పింఛను తిరస్కరించిన, తిరస్కారపు ఉత్తరములోనే అప్పీలుకు ఆరు మాసముల మియాదు వ్రాసియుండును. పైన మరియొక అప్పీలున్నది. ఆ తరువాత సాయుధ దళముల ట్రిబ్యునలు. 2007 చట్టముచే ఏర్పడి 2009లో పనిచేయనారంభించిన ఈ ట్రిబ్యునలునకు కూడ, తుది ఉత్తరువు నాటినుండి ఆరు మాసములలో పోవలెను. దాటినచో తగిన కారణము చూపి, ఆలస్యమును మన్నింపుడని కోరుకొనవచ్చును. చట్టము 22వ విభాగమందు ఆ కిటికీ నుంచిరి. ట్రిబ్యునలు తీర్పుపై సుప్రీం కోర్టుకు తొంబది దినములు.

కిటికీ తెరచికొన్నను ఏమి దక్కునో తర్సేం సింగు కథ చెప్పును. అతనిని 1983 నవంబరులో వైద్య కారణములపై సైన్యమునుండి పంపివేసిరి. అంగవైకల్య పింఛనుకై హైకోర్టు మెట్లెక్కినది 1999లో. పదునారేండ్ల ఆలస్యము. 2008లో సుప్రీం కోర్టు చెప్పినదేమనగా: పింఛను నెలనెల రావలసినది, రాని ప్రతి నెలయు క్రొత్త అన్యాయమే, కనుక హక్కునకు కాలదోషము పట్టదు. అయినను వెనుకటి బాకీ దావాకు ముందు మూడేండ్లకు మించి ఇప్పించుట కుదరదు. ఎక్కడికి పోయినను ఆ మూడేండ్లు ప్రామిసరీ నోటువలె వెంట వచ్చుచునే యున్నవి. తర్సేం సింగునకు పోయినది పండ్రెండేండ్లకు పైబడిన సొమ్ము, సరిగా అరణ్యవాసమంత కాలము.

ఈ చిక్కు ఈ దేశమునకే పరిమితము కాదు. అమెరికా దేశమున మాజీ సైనికుల అప్పీళ్ల కొరకే ఒక కోర్టున్నది. 1988 చట్టముచే ఏర్పడినది. సైనిక పింఛను బోర్డు తీర్పు పంపిన నాటినుండి 120 దినములలో అక్కడ అప్పీలు దాఖలు చేయవలెను. డేవిడ్ హెండర్సన్ అనునతడు కొరియా యుద్ధకాలపు సైనికుడు. అతనికి తీవ్రమైన మతిభ్రమ. నూటికి నూరు పాళ్లు అశక్తుడని ప్రభుత్వమే ఒప్పుకొనియుండెను. ఇంటివద్ద పరిచర్యకు అదనపు సాయము కోరగా 2004లో బోర్డు కాదనెను. అతడు అప్పీలు దాఖలు చేయునప్పటికి గడువు పదునైదు దినములు దాటెను. ఏ జబ్బునకు పింఛను ఇచ్చుచున్నారో ఆ జబ్బే ఆలస్యమునకు కారణమని అతడు మొరపెట్టెను. కోర్టు వినలేదు. గడువు దాటినచో వినుటకు తమకు అధికారమే లేదనెను.

ఆ మాటకు ఆధారముగా చూపినది 2007 నాటి బౌల్స్ అను ఖైదీ కేసు. అది యెట్టిదనగా, చట్టము పదునాలుగు దినములిచ్చుచుండగా జడ్జి పొరపాటున పదునేడు దినములు వ్రాసి ఇచ్చెను. ఖైదీ జడ్జి వ్రాసిన తేదీకి ఒక దినము ముందే దాఖలు చేసెను. అయినను చట్టపు తేదీకి రెండు దినములు ఆలస్యమని కొట్టివేసిరి. జడ్జి తప్పునకు ఖైదీకి దండన! మహాభారతమంతయు వెదకినను ఇట్టి లెక్క దుర్యోధనునికి కూడ తట్టినట్లు కనబడదు.

హెండర్సన్ పట్టు విడువలేదు. పైకోర్టుకు పోయెను, సుప్రీం కోర్టుకు పోయెను. వినికిడి కాకమునుపే 2010లో మరణించెను. భార్య డోరెథా అతని స్థానమున నిలిచెను. 2011 మార్చి 1న అక్కడి సుప్రీం కోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను: 120 దినముల గడువు ముఖ్యమే గాని అది కోర్టు అధికారమునే తీసివేయు గడువు కాదు, మాజీ సైనికులయెడ ఆదరముతో చేసిన చట్టమును అంత నిర్దయగా చదువరాదు. దాటిన గడువును క్షమింపవచ్చునా యను సంగతిని మాత్రము ఆ తీర్పు తేల్చలేదు. ఆ సైనికుడు కోరిన పరిచర్య అతని కెన్నటికిని అందలేదు.

ఆలస్యము ప్రజలదే యని అనుకొనరాదు. 1987లో సుప్రీం కోర్టు ఆలస్యములను ఉదారముగా మన్నింపవలెనని చెప్పిన ప్రసిద్ధమైన తీర్పొకటి యున్నది. అనంతనాగు కలెక్టరు కేసు. ప్రతి దినపు ఆలస్యమునకు సంజాయిషీ కావలెనను సూత్రమును మూర్ఖముగా పట్టుకొనరాదని అందు చెప్పిరి. నాలుగు దినములు ఆలస్యముగా వచ్చి ఆ మన్నన పొందినది ఎవరనుకొనుచున్నారు? ఒక రాష్ట్ర ప్రభుత్వమే. కలెక్టరు నాలుగు దినములు మరచిపోవచ్చునన్నచో, చదువురాని జవాను భార్య నాలుగు మాసములు మరచిపోవుటయు మానుష ధర్మమే.

మహమ్మారి కాలమున సుప్రీం కోర్టు 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలమును దేశమందలి దావాల, అప్పీళ్ల గడువులలో లెక్కింపవలదని ఉత్తరువు చేసెను. భీష్ముని తరువాత అంత పెద్ద అధికమాసము వేసినవారు వేరొకరు లేరు. పాత మిసిలు ఇంట నున్నవారు ఆ సంగతి మరువక లెక్క చూచుకొనవలెను.

ఇప్పుడు యోధులు మిగిలినది బహుకొద్ది. వారి భార్యలును, పెండ్లికాని కుమార్తెలును పథకము క్రింద అర్హులే. జవానులు మాత్రము ఊరూరను ఉన్నారు. ప్రతి యేట క్రొత్తగా ఇల్లు చేరుచున్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము నల్లగొండలోను, మహబూబునగరులోను ఉన్నది. అక్కడికి పోవుటకు ముందు ఇంట చేయవలసినది కొంత కలదు. సర్కారునుండి వచ్చిన ఏ యుత్తరమునైనను అందిన దినముననే దానిపై తేదీ వేసి పెట్టవలెను. పంపిన దరఖాస్తు నకలును, రిజిస్టరు రసీదును కలిపి కుట్టి యుంచవలెను. రుజువు పూర్తిగా దొరకలేదని దరఖాస్తు ఆపరాదు. ముందు దరఖాస్తు, తరువాత రుజువు. సొమ్ము లెక్క మొదలగునది ఆ తేదీనుండియే. సమాధానము రానిచో ఆరు మాసములు చూచి ట్రిబ్యునలునకు పోవచ్చును. రెండేండ్లు ఎదురుచూచుట మర్యాద కాదు, నష్టము.

చదువరాని ఉత్తరము వచ్చినవారు సాయంకాలము ఈ గ్రంథాలయమునకు తెచ్చిన, చదివి చెప్పువారుందురు. ఉత్తరముతోపాటు కవరును కూడ తేవలెను, పొయ్యిలో వేయరాదు. తపాలా ముద్రలోని తేదీ దానిమీదనే యుండును.